ఆ మూసిన కళ్ళు

కిందటి వారం ఈ కథ రాస్తూ నన్ను స్టూలు మీంచి లేపి, లేపినదాన్ని అక్కడే నిలబెట్టి కాగితం మడిచేశాను. అలా నిలబెట్టింది నేనే కాబట్టి ఎవరినీ తిట్టడానికి లేదు. కొత్తగా చదివేవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పి, మళ్ళీ ఆ గదిలోకే తీసుకెళ్తాను. మాట్లాడితే మాదంతా రైల్వే వాళ్ళుండే ట్రాఫిక్ కాలనీ భాషే. రాయడానికి కూర్చుంటే మాత్రం నాకు బడిలో నేర్చిన తెలుగే వస్తుంది, ఏమీ అనుకోకండి.

నా పేరు ఇందు. మా ఆయన అమర్‌నాథ్ గూడ్సు బండి డ్రైవరు. నన్ను అప్పా అని పిలిచే నా తమ్ముడు శామ్ అదే లైన్లో అసిస్టెంటు డ్రైవరు, ఉద్యోగంలో చేరి ఇంకా కాళ్ళు కుదురుకోలేదు. వానలు మొదలైన రోజుల్లో ఇద్దరికీ ఒకే బండి మీద డ్యూటీ పడింది. బావా బావమరుదులా అని అక్కడ ఎవరు చూస్తారు, వంతు వచ్చినవాణ్ణి ఎక్కిస్తారు. తెల్లవారే వేళ ఒక చిన్న స్టేషన్ దగ్గర వాళ్ళ బండి ఎర్ర సిగ్నల్ దాటేసింది. మా ఆయన ఉలిక్కిపడి బ్రేకు వేసేసరికి, ముందు నిలబడి ఉన్న ప్యాసింజర్ బండి కిటికీల్లో మనుషుల ముఖాలు కనబడేంత దగ్గరికి వెళ్ళి ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ఎర్ర సిగ్నల్ దాటిన డ్రైవరు ఉద్యోగం గాలిలో దీపమే.

సిగ్నల్ కనబడగానే ఇంజన్లో ఉన్న ఇద్దరూ చెయ్యి చాచి దాని రంగు పైకి చెప్పుకోవాలి. ఒకడు గ్రీన్ అంటే రెండోవాడు తానూ చూసి గ్రీన్ అనాలి. అదీ పద్ధతి. ఆ పొద్దు ఎవరు ఏమన్నారో ఇద్దరికీ గుర్తు లేదు. ఇద్దరినీ పనిలోంచి ఆపి ఇంట్లో కూర్చోబెట్టారు. ఎంక్వైరీ రేపు పొద్దున.

మా ఆయనకి ఆ రోజు నుంచీ నిద్ర లేదు. అందుకని సుభాష్‌పల్లిలో ప్రవల్లిక అనే సైకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్తున్నాను. గోల్‌బజార్లో బట్టల కొట్టు నగరేశ్వరరావు గారి అమ్మాయి. ఆవిడ హిప్నాటిజం చేసి నిద్ర అలవాటు చేస్తోంది, గుణం కనిపించింది కూడా. ఈసారి మా అత్త చిలకమ్మ వెంట వచ్చి, "ఎలగూ మత్తులో ఉన్నాడు గదా, ఆ పొద్దు ఏటయిందో అడిగీ డాక్టరమ్మా" అని కూర్చుంది. ప్రవల్లిక వద్దంది. వద్దంటూనే అడిగింది. మా ఆయన కళ్ళు తెరిచి చెప్పిన మొదటి మాట ఇది.

"శామ్ నిద్దరోతన్నాడు. కళ్ళు మూసుకునే గ్రీన్ అన్నాడు."

అప్పుడు నేను స్టూలు మీంచి లేచాను. మాట రాలేదు. నాకు మాట రాకపోవడం మా ఇంట్లో అదే మొదలు.

మాట వచ్చింది మా అత్తకి. "నానేటన్నాను. నా కొడుకు అలాటి తప్పు సెయ్యడని ముందే అన్నాను గదా. ఆళ్ళ నాన్న జీవితమంతా బండి నడిపినాడు, ఒక్క మచ్చ నేదు. ఈడికెలగొస్తాది?"

"ఆ మచ్చ నా తమ్ముడికి అంటించీసి సంబరపడతన్నావా అత్తా?"

"నానంటించినానేటే. ఆడి కళ్ళతో ఆడు సూసినాడు." ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని ఫోను తీసుకుంది. "ఇంటికాడ మీ మామ పానం ఉగ్గబట్టుకుని ఉన్నాడు, ఒక్క ముక్క సెప్పొస్తాను." వరండాలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

నేను మా ఆయన వైపు చూశాను. మనిషి ముఖం విప్పారి ఉంది. ఇన్నాళ్ళకి ఊపిరి పీల్చుకున్నవాడిలా ఉన్నాడు. ఆ ముఖం చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది, జాలీ వేసింది, రెండూ కలిసి వచ్చాయి.

"ఇందూ, నాకు సానా బాదగుంది," అన్నాడు. "కానీ సూసినాను. ఇప్పుడు నిన్ను సూస్తన్నట్టే సూసినాను. రేపు అడుగుతారు. అబద్దమెలగ సెప్పీది?"

అదే వచ్చిన చిక్కు. ఈయన అబద్ధం చెప్పే మనిషి కాదు. నేను వండిన చేపల పులుసు బాగులేకపోతే, చుట్టాల ముందైనా సరే బాగులేదనే అంటాడు. అబద్ధాలకోరు అయితే నిలబెట్టి కడిగేసేదాన్ని. నిజం చెప్తున్నాననుకునే మనిషిని ఏమని కడగను? రేపు పొద్దున ఈయన అక్కడ ఈ ఒక్క మాట అంటే శామ్ ఉద్యోగం పోతుంది. అమ్మ పోయాక ఆ పిల్లాడికి అన్నం పెట్టి చదివించినదాన్ని నేను. వాడి నోటి దగ్గర కూడు నా మొగుడి చేత్తోనే లాగించాలా అనిపించింది.

ప్రవల్లిక మీదికి తిరిగాను. "మేడమ్, మీరు ప్రతిసారీ ఫోన్లో రికార్డు సేస్తారు గదా. ఒకసారి ఎట్టండి. నాను యినాలి."

"ఇప్పుడా?" అంది.

"ఇప్పుడే. రేపైతే యిని ఏటి సేస్తాను."

ఆవిడ మా ఆయన వైపు చూసింది. ఆయన తలూపాడు. ఫోను బల్ల మీద పెట్టి నొక్కింది.

ముందంతా మామూలే. ఊపిరి పీల్చండి, కాళ్ళు బరువెక్కుతున్నాయి, కనురెప్పలు బరువెక్కుతున్నాయి. తర్వాత ప్రవల్లిక గొంతు మెత్తగా అడిగింది.

"మీరు ఇంజన్లో ఉన్నారు. సిగ్నల్ వస్తోంది. ఏం కనిపిస్తోంది?"

"ఏటీ నేదు. నల్లగుంది."

"పర్వాలేదు. పక్కన ఎవరున్నారు?"

"శామ్."

"శామ్ ఏం చేస్తున్నాడు?"

"తెల్దు."

"అతని ముఖం చూడండి. కళ్ళు తెరిచి ఉన్నాయా, మూసి ఉన్నాయా?"

ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది, కింద రోడ్డు మీద టోటో రిక్షా హారన్ వినిపిస్తోంది. అప్పుడు దూరంగా ఇంకో గొంతు, మా అత్తది, తనలో తాను అనుకుంటున్నట్టు: "మూసుకునే ఉంటాడు. కుర్రోడు గదా, నిద్దరాగదు."

మళ్ళీ ఫ్యాను చప్పుడు.

"మూసున్నాయి," అన్నాడు మా ఆయన.

ప్రవల్లిక ఫోను ఆపింది. గదిలో నేనూ అదే గాలి పీల్చుకుంటూ కూర్చున్నాను, ఆ మాట నా చెవి పక్క నుంచే పోయింది, నాకు పట్టనే లేదు.

"తెల్దన్న మనిసి సేత మూసున్నాయి అనిపించింది ఎవులు మేడమ్?"

"నేను," అంది ఆవిడ. "నేనూ, మీ అత్తగారూ. హిప్నాటిజం అంటే లోపలున్న బీరువా తాళం తీయడం అని అందరూ అనుకుంటారు. మేం చదువుకున్నదాంట్లో అలా లేదండీ. ఆ స్థితిలో మనిషి ఎదుటివాళ్ళ మాటకి తేలిగ్గా లోబడతాడు. చూడమంటే ఏదో ఒకటి చూస్తాడు. చూసింది ఊహలా అనిపించదు, జ్ఞాపకంలాగే ఉంటుంది. లేచాక దాని మీద నమ్మకం ఇంకా గట్టిపడుతుంది. అందుకే జరిగినదాని గురించి అలా అడగకూడదు. తెలిసీ అడిగాను."

చదువుకున్న మనిషి అంత సూటిగా ఒప్పుకుంటుందని నేననుకోలేదు. తిట్టడానికి దాచుకున్న మాటలన్నీ వృథా అయ్యాయి.

మా ఆయన మాత్రం లేచి కూర్చున్నాడు. "అంటే నాను అబద్దం సెప్తన్నానా?"

"లేదు అమర్‌నాథ్ గారూ. మీరు చూశారు, అది నిజం. అక్కడ అలా జరిగిందా అన్నది వేరే సంగతి."

"జరక్కపోతే నాకెలగ కనపడింది? నాను కతలల్లీవోణ్ణా? ఆ ముకం ఇక్కడుంది." నుదుటి మీద వేలితో పొడుచుకున్నాడు. "మీరేటి సెప్పినా పోదు."

"అయితే సెప్పండి," అన్నాను నేను. కోపంతోనే అన్నాను, ఏదో దొరుకుతుందని కాదు. "ఎలగుంది ఆ ముకం? అంత బాగా సూసినారు గదా."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. ప్రవల్లిక ఆపబోయి ఆగింది.

"నా ఎడం పక్కనున్నాడు," అన్నాడు. "తల ఇటేపు వాలిపోయుంది. సెంప కింద సెయ్యెట్టుకున్నాడు. నోరు కొంచెం తెరిసుంది. నాను గ్రీన్ అన్నాను. ఆడు కళ్ళు తెరవకండానే గ్రీన్ అన్నాడు. గొంతు సన్నగుంది, నిద్దర గొంతు."

చెంప కింద చెయ్యి. అది వినగానే నాకు మా మంచం గుర్తొచ్చింది.

ఇక్కడ మీకు మా కాలనీ సంగతి ఒకటి చెప్పాలి. డ్రైవర్ల భార్యలందరికీ తెలిసిందే, పైకి ఎవరమూ చెప్పుకోం. రాత్రంతా బండి నడిపి వచ్చిన మనిషి పగలు పడుకుంటాడు. పడుకున్నాడన్న మాటే గానీ ఆ మనిషి లోపల బండి ఇంకా నడుస్తూనే ఉంటుంది. నిద్రలో చెయ్యి లేపి "గ్రీన్" అంటాడు. పక్క నుంచి రెండో గొంతు రావాలి. రాకపోతే మళ్ళీ అంటాడు, ఇంకా గట్టిగా అంటాడు, చివరికి చెమటలు కక్కుతూ లేచి కూర్చుంటాడు. ఎవరైనా "గ్రీన్" అన్నారో, చెయ్యి దింపి పసిపిల్లాడిలా పడుకుంటాడు. పెళ్ళయిన కొత్తలో నాకు ఇది నేర్పింది మా అత్తే, ఉప్పూ కారం పాళ్ళు నేర్పినట్టు నేర్పింది. ఆవిడ మా మామకి జీవితమంతా జవాబు చెప్పింది. నేను ఈయనకి చెప్తున్నాను. ఇప్పుడైతే నాకు మెలకువ కూడా రాదు. ఆయన ఎడం పక్కన వాలి, చెంప కింద చెయ్యి పెట్టుకుని, కళ్ళు మూసుకునే "గ్రీన్" అనేస్తాను.

ఇంకొకటి. నాదీ శామ్‌దీ ఒకటే ముఖం. నాకు మీసం పెడితే వాడు, వాడికి మీసం తీసేస్తే నేను అని మా ఆయనే వెక్కిరిస్తూ ఉంటాడు.

నేను వెళ్ళి ఆయన కూర్చున్న సోఫాలో ఎడం పక్కన కూర్చున్నాను. తల వాల్చి, చెంప కింద చెయ్యి పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాను.

"ఇప్పుడు మీరు గ్రీన్ అనండి," అన్నాను.

"ఏటిది ఇందూ?"

"అనండి సెప్తాను."

"గ్రీన్," అన్నాడు.

"గ్రీన్," అన్నాను, రోజూ అన్నట్టే.

కళ్ళు తెరిచేసరికి ఆయన నా ముఖంలోకి చూస్తున్నాడు. పెళ్ళయ్యాక ఆ మనిషి కళ్ళలో అంత భయం ఎప్పుడూ చూడలేదు. నన్ను చూసి భయపడుతున్నాడు, కట్టుకున్న పెళ్ళాన్ని చూసి.

"నువ్వా," అన్నాడు.

"ఇంజన్లో మీ ఎడం పక్క ఏటుంటాది?"

"కిటికీ."

"శామ్ ఎటేపు కూకుంటాడు?"

"కుడి పక్క." ఆ మాట ఆయన నోట్లోంచి రాలేక వచ్చింది. "డ్రైవరు ఎడమేపు, అసిస్టెంటు కుడేపు. ఎన్నేళ్ళ నుంచి బండి నడుపుతన్నాను. ఎడం పక్క ఆడెలగుంటాడు. నాకెందుకు తట్టనేదు ఇందూ?"

రెండు చేతులతో తల పట్టుకున్నాడు. నేను వీపు మీద చెయ్యి వేస్తే ఒళ్ళు జలదరించింది ఆయనకి. తన బుర్రలో తాను చూసుకున్న ముఖాన్ని ఎవరో రాత్రికి రాత్రి మార్చేసినట్టు ఉంది కాబోలు. నాకూ అలాగే ఉంది. మా మంచం మీద, ఎవరికీ వినపడకుండా అనుకునే మాట, వెళ్ళి నా తమ్ముడి మెడకి ఉరిగా చుట్టుకుంది. ఆయన్ని పడుకోబెట్టడానికి నేనన్న మాట అది.

ప్రవల్లిక కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "నాకు ఇది తోచనే లేదు ఇందుగారూ. మీ ఇంట్లో సంగతి నేను అడగనే లేదు."

"అయితే ఆ పొద్దు ఏటయింది?" అన్నాడు మా ఆయన తలెత్తకుండా. "ఇది తీసీండి. దీని కింద ఉన్నదేటో సెప్పండి."

"కింద ఏమీ లేకపోవచ్చు," అంది ఆవిడ. "నిద్రంటే దీపం ఆర్పినట్టు ఒక్కసారి అంతా ఆరిపోవడం కాదంటారు. ఇల్లంతా దీపాలుండి ఒక గదిలో మాత్రం ఆరిపోవచ్చు. కళ్ళు తెరిచే ఉంటాయి, మెలకువగా ఉన్నట్టు ఇంజన్లో నొక్కాల్సిన బటన్‌ని చెయ్యి అలవాటుగా నొక్కుతూనే ఉంటుంది, కానీ గుర్తు పెట్టుకునేవాడు లోపల లేడు. మీ ఇద్దరిలో ఎవరికైనా అలా అయి ఉండవచ్చు. ఇద్దరికీ అయి ఉండవచ్చు. అప్పుడు దాచుకోనిది ఇప్పుడు ఎంత వెతికినా దొరకదు. మనసు మాత్రం ఊరుకోదు. ఖాళీ కనబడితే చేతికందిన ముఖం తెచ్చి అక్కడ కూర్చోబెడుతుంది."

"రేపు నానేటి సెప్పాల?"

ఆవిడ నా వైపు చూసింది. నేనేం చెప్పను? తెలియదంటే డ్రైవరు పడుకున్నాడని రాసుకుంటారు. శామ్ నిద్రపోయాడంటే తప్పు సగం కంటే ఎక్కువ వాడి నెత్తి మీద పడుతుంది, మా ఇల్లు నిలబడుతుంది. ఇటు చూస్తే మొగుడు, అటు చూస్తే తమ్ముడు. నోరు తెరిస్తే ఎవరో ఒకరికి అన్యాయం చేసినదాన్ని అవుతాను. సిగ్గు లేకుండా చెప్తున్నాను, ఒక్క క్షణం నోరు మూసుకుని ఊరుకుందామనే అనిపించింది.

నేను చెప్పక్కర లేకపోయింది. ఆయనే అన్నాడు. "తెల్దని సెప్తాను. నాకు తెల్దు గదా. ఉజ్జోగం పోతే పోనీ, ఆటో నడుపుకుందాం. సూడనిది సూసినానని అనను."

నాకు ఏడుపు ఆగలేదు. ఈ మనిషి పులుసు బాగులేదన్న ప్రతిసారీ గిన్నె ఎత్తేసిన నా చేతులు పడిపోనూ అనుకున్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

అంతలో తలుపు తోసుకుని మా అత్త వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"మీ మామకి సెప్పినాను. శామ్‌కి కూడా సెప్పీసినాను," అంది. "రేపు అక్కడికెళ్ళి మా కుర్రోడు ఒకటి సెప్పి ఆడొకటి సెప్తే బాగోదు గదా."

నేను ఏడుపు మింగేశాను. "శామ్‌కి ఏటి సెప్పినావు?"

"ఉన్నదే సెప్పినాను. నువ్వు కళ్ళు మూసుకుని గ్రీన్ అన్నావంట బాబూ, బావకి గుర్తొచ్చింది అన్నాను. ముందు నేదన్నాడు. నేదంటావేటి, నిదానంగా గుర్తు సేసుకో, ఎలగ కూకున్నావో ఎలగ కళ్ళు మూతలడినాయో తలుసుకో అన్నాను. అలగలగ మాటాడించినాను. సివరికి ఊఁ అన్నాడు."

ప్రవల్లిక కుర్చీలోంచి లేచింది. "చిలకమ్మగారూ, ఆయన్ని అలా ఎంతసేపు అడిగారు?"

"మీరు లోపలున్నంతసేపూ. ఏటి, తప్పా? మీరు సేసినట్టే సేసినాను గదా డాక్టరమ్మా."

నేను ఫోను తీసి శామ్‌కి చేశాను. ఎంగేజ్. మళ్ళీ చేశాను. ఎంగేజ్. మూడోసారి చేయబోతుంటే కింద స్కూటీ ఆగిన చప్పుడు, మెట్ల మీద పరుగు.

శామ్ పక్క పేట ఇందా నుంచి వచ్చాడు, చెమటతో చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. ఆ రోజు నుంచీ వాడికీ నిద్ర లేదు. కళ్ళు గుంటలు పడి, గడ్డం పెరిగి, నా తమ్ముడేనా అనిపించేవాడు. ఇప్పుడు గుమ్మంలో నిలబడి నవ్వుతున్నాడు.

"అప్పా, గుర్తొచ్చింది," అన్నాడు.

"ఒరే, కూకో. నాను సెప్పింది యిను. బావ సూసింది నిన్ను కాదురా, నన్ను. అదంతా తప్పు. అత్త సెప్పింది యేదీ నమ్మకు."

"అత్త సెప్పిందని కాదు అప్పా. నాకు కనపడతంది. వాన జల్లు అద్దం మీద కొడతంది, వైపరు తిరుగుతంది, నా కళ్ళు మూతలడిపోతన్నాయి. బావ గొంతు యినపడింది. నాను గ్రీన్ అనీసినాను. సూడకండానే అనీసినాను."

మా ఆయన లేచి వాడి రెండు భుజాలు పట్టుకున్నాడు. "నా మాట యినరా. నాను నీకు ఎటేపున్నాను?"

"అదేటి బావా? ఎడమేపు. నీ సీటు ఎడమేపే గదా."

మా ఆయన చేతులు జారిపోయాయి. నేను ప్రవల్లిక వైపు చూశాను, ఆవిడ నా వైపు చూసింది. తప్పు పట్టడానికి ఆ మాటల్లో ఏమీ లేదు. వాన ఆ పొద్దు నిజంగానే పడింది. వీడిది అత్త వండి పెట్టిన జ్ఞాపకమో, నిజంగా జరిగిందో, మా ముగ్గురిలో ఎవరికీ చెప్పే దారి లేదు.

"శామ్, ఒక్క మాట," అంది ప్రవల్లిక. "ఇంతకుముందు ఇది మీకు గుర్తు లేదు. ఒకరు పదేపదే చెబితే మనసు అలాంటి బొమ్మ తయారు చేయగలదు. రేపటిదాకా ఎవరితోనూ అనకండి. ప్లీజ్."

"అవొచ్చు దీదీ," అన్నాడు వాడు, ఎంతో మర్యాదగా. "కానీ ఇన్నాళ్ళూ కళ్ళు మూస్తే నల్లటి గొయ్యి. ఏటి సేసినానో నాకే తెల్దు. అది తట్టుకోనేకపోయినాను. ఇప్పుడు తప్పయినా సరే, ఏదో ఒకటుంది. ఇది కూడా తీసీకండి."

నా వైపు తిరిగాడు. వాడి ముఖంలో ఎంత హాయి ఉందో చూస్తే నాకు కేక వేయాలనిపించింది.

"దార్లోనే ఎంక్వైరీ సేసే పెద్ద సాహెబ్‌కి ఫోన్ సేసి సెప్పీసినాను అప్పా. తప్పు నాదేనని సెప్పీసినాను. ఆయన రికార్డు సేసుకున్నాడు. ఇయ్యాల నాకు నిద్దర పడతాది."